కవర్ మీద గుర్రం

కూతురు మాయ టీవీ పాటల పోటీలో గెలిచిన వారం, జర్మనీలోని వాల్డార్ఫ్‌లో విజయేంద్రను ఆపి చెయ్యి కలపనివాళ్లు లేరు. ఏళ్ల తరబడి ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నా, క్యాంటీన్‌లో ఆయన పేరు నలుగురి నోటా సరిగ్గా పలికింది అప్పుడే. పదిహేడేళ్ల పిల్ల గిటారు పట్టి కంట్రీ పాటలు, అమెరికా పల్లెల బాణీవి, పాడి గెలిచింది. ఆ పాటల పిచ్చి అసలు ఆయనది. కెమ్నిట్జ్ నగరంలో చదువుకునే రోజుల్లో అంటుకుంది, బిడ్డకూ అంటించాడు.

గెలిచినందుకు పాటల కంపెనీ ఆమెతో ఒక సింగిల్, అంటే ఒంటి పాట, విడుదల చేస్తానంది. పాట మంచిదే దొరికింది. ఊరు విడిచి వెళ్లలేని ఒకమ్మాయి, దారిన పోయే లారీలను చూస్తూ పాడుకునే పాట. మాయ స్టూడియోలో పాడుతుంటే అద్దం అవతల విజయేంద్ర కళ్లు తుడుచుకున్నాడు.

విడుదల రోజు పొద్దున్నే పాట కవర్ బొమ్మ ఫోన్‌కి వచ్చింది. పచ్చికలో ఒక తెల్లగుర్రం.

“మన పిల్లేదండీ?” అంది భార్య రమామణి.

విజయేంద్ర కంపెనీకి ఫోన్ చేశాడు. మేనేజరమ్మ చాలా మర్యాదగా చెప్పింది. కంట్రీ వినేవాళ్లకు కొన్ని అలవాట్లుంటాయట. ముఖం చూసి పాటను పక్కన పెట్టేస్తారేమోనని, పిల్ల మంచికే అలా చేశారట. ఆయనకు ఒళ్లు మండింది. గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందేమోనని థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

గుర్రం కూడా గట్టెక్కించలేదు. రేడియోలు పాటను వెయ్యలేదు. జార్‌బ్రూకెన్ దగ్గర ఒక ఉత్సవంలో పాడిస్తే, బెంచీల మీద బీరు తాగుతున్నవాళ్లు కాసేపు విని కబుర్లలో పడ్డారు. తర్వాత కంపెనీ ఫోన్లు తగ్గి, ఆగిపోయాయి.

మరుసటి ఏడు ఒక శనివారం, సూపర్‌మార్కెట్‌లో పాలు తీసుకుంటుంటే స్పీకర్‌లో ఆ పాట వినపడింది. విజయేంద్రకు ప్రాణం లేచొచ్చింది. చరణం మొదలయ్యాక తెలిసింది, గొంతు మగపిల్లవాడిది. ఆ ఏడు పోటీలో గెలిచిన కుర్రాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి పెదవులు కదుపుతూ పాడుకుంటోంది.

ఇంటికొచ్చి ఎలా చెప్పాలో తెలియక నిలబడ్డాడు. లెక్కలు చేసుకుంటున్న మాయ ఆయన ముఖం చూసి గ్రహించింది.

“విన్నావా నాన్నా? స్కూల్లో అందరూ అదే వింటున్నారు.”

“లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటానమ్మా.”

“ఎందుకు? పాట వాళ్లది. కాంట్రాక్ట్‌లోనే ఉంది కదా.” పెన్సిల్ ఆపకుండా అంది. “బాగానే పాడాడు.”

ఆ మాటలో కోపమైనా ఉంటే బాగుండేదని ఆయనకనిపించింది.

చదువు అయ్యాక మాయ ఒక బ్యాంకులో ఉద్యోగ శిక్షణకు దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని తల్లి అడిగితే, హాబీలేమిటని అడిగారనీ, పెద్దగా ఏమీ లేవని చెప్పాననీ అంది. రమామణి భర్త వైపు చూసింది. విజయేంద్ర కూతురి ప్లేటులో మరో దోసె వేసి, ఉద్యోగం వస్తుందిలే అన్నాడు.