మేదిని ఎక్కడికి టికెట్టు తీసుకుంది

వందనకు సీరియళ్ళ మీద కోపం లేదు. సీరియల్ చూసి, చూసిందాన్ని ఇంట్లోనే వదిలి రాకుండా కడుపులో పెట్టుకుని బస్సెక్కే మనుషుల మీదే ఆమె కోపమంతా.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో ఆమె కండక్టరు. డిపోలో మెకానిక్‌గా పనిచేసే భర్త మూడేళ్ళ కింద ఉన్నట్టుండి పోతే, ఆ ఇంటికి వచ్చిన ఉద్యోగమది. ఆడవాళ్ళకు జీరో టికెట్టు మీద ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి ఆ బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు, నోరు మూసుకున్న మనిషి లేదు. ముందు సీట్లలో సీరియళ్ళు, వెనక సీట్లలో సినిమాలు. కాలేజీ పిల్లలు ఫస్టాఫ్ లాగిందనీ, సెకండాఫ్‌లో అరగంట కోసేయాలనీ, తమకు అప్పజెప్పి ఉంటే చూపించేవాళ్ళమనీ తేల్చేస్తారు. ముందున్న ఆడవాళ్ళు అంత దూరం పోరు. అత్త పాత్రకు కొత్తగా వచ్చినామె మొహంలో విషం చాలలేదంటారు, అంతే. కానీ రాత్రి ఏం జరిగిందో మాత్రం పూస గుచ్చినట్టు చెబుతారు.

వందన చూసే సీరియల్ పేరు 'మూడో గుమ్మం'. అది వచ్చే ఏడున్నరకు ఆమె బస్సులో టికెట్లు కొడుతూ ఉంటుంది. మరునాడు ఫోన్‌లో చూద్దామనుకుంటే, పొద్దున మొదటి ట్రిప్పులోనే కథంతా చెవిలో పడిపోతుంది. ఈ ఉద్యోగంలో చేరాక ఒక్క మలుపుకైనా ఆమె నిజంగా ఉలిక్కిపడింది లేదు. తల ప్రాణం తోకకొచ్చినా ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఈ శనివారం వచ్చేది ఆఖరి భాగం. ఈసారి సంగతి వేరు.

ఎందుకంటే ఈసారి మధ్యలో సుష్మిత ఉంది.

సుష్మిత వందన కూతురు. ఎల్లారెడ్డి హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. తల్లికి పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒక షిఫ్టు పడుతుంటే ఇంట్లో పిల్ల ఒంటరిగా ఉండలేక అక్కడ చేరింది. చేరింది అని వందన అంటుంది, చేర్చి పోయావని పిల్ల అంటుంది. బుధవారం హాస్టల్ ఫోన్ నుంచి అయిదు నిమిషాలు మాట్లాడనిస్తారు. తిన్నవా అంటే తిన్న, చదువుతున్నవా అంటే ఆఁ. అంతటితో మాటలు అయిపోయేవి. మిగతా నాలుగు నిమిషాలను ఈ సీరియలే కాపాడుతూ వచ్చింది. అందులో మేదిని అనే కోడలి మీద అత్త హారం దొంగతనం మోపి ఇంట్లోంచి గెంటేస్తుంది. ప్రమాదంలో మతి పోయిన మొగుడు ఆమెను గుర్తుపట్టడు. గతిలేక తిరిగొచ్చి, నాలుగేళ్ళుగా మేదిని అదే ఇంట్లో వంటమనిషిగా పొయ్యి ముందు నిలబడి ఉంది. ఇప్పుడు హారం దొరికింది, మొగుడికి మతి వచ్చింది. ఆమె మళ్ళీ ఆ ఇంటి కోడలవుతుందా, కాదా? తల్లీకూతుళ్ళు వారం వారం దీని మీదే కొట్లాడుకుంటున్నారు.

పోయిన బుధవారం సుష్మితే అంది. "అమ్మా, శనివారం హాల్ల అందరు సూస్తరు, నేను పోను. నువ్వు గూడ సూడకు. ఆదివారం నువ్వొచ్చినంక ఇద్దరం ఒక్కసారే సూద్దాం. ఎవ్వల నోట గూడ ఇనొద్దు. ఒట్టా?"

"ఒట్టు" అంది వందన. సబ్బులు, నోటుబుక్కులు కాకుండా ఆ పిల్ల తల్లిని ఒకటి అడగడం ఏడాదిలో అదే మొదటిసారి.

శనివారం సాయంత్రం నుంచే వందన ఫోన్‌లో నెట్ కట్టేసింది. పొరుగింటి తలుపు తీసిన చప్పుడైతే తన తలుపు వేసుకుంది. ఆదివారం తొమ్మిదింటికి కామారెడ్డి బస్టాండులో బస్సు నిండగానే మధ్యలో నిలబడి, రెండు చేతులూ జోడించి, "ఇయ్యాల ఒక్కరోజు సీరియల్ ముచ్చట బంద్ వెట్టుండ్రి, మీ కాళ్ళు మొక్కుత" అని చెప్పింది. అంతటితో ఆగక రెండు చెవుల్లో దూది కూడా కుక్కుకుంది. డ్రైవర్ లింగయ్య అద్దంలోంచి ఆమెను చూసి తల కొట్టుకున్నాడు.

దూది లింగంపేట వరకు బాగానే పనిచేసింది. ఎంత బాగా అంటే, "ఆపుమ్మా, నేను దిగాలె!" అని ఒక ముసలాయన మొత్తుకుంటున్నది ఆమెకు వినపడనే లేదు. బస్సు ఊరు దాటి అర కిలోమీటరు పోయాక లింగయ్యే ఆపాడు. ఆ ముసలాయన దిగుతూ వందనకు పెట్టిన శాపనార్థాలు దూదిలోంచి కూడా దూరాయి. ఇక లాభం లేదని ఆమె దూది పీకి పారేసింది. సరిగ్గా అప్పుడే మూడో సీట్లోంచి భూదవ్వ గొంతు లేచింది.

భూదవ్వది కామారెడ్డి. అరవై అయిదేళ్ళ మనిషి. ఆమె వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు కూర్చుని బీడీలు చుడతారు. కళ్ళు ఆకు మీద, తంబాకు మీద ఉంటాయి కాబట్టి ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. ఇరవై ఏళ్ళుగా అక్కడ చెప్పేది భూదవ్వే. ఎల్లారెడ్డిలో ఎవరో ఆడపిల్లకు ఒడిబియ్యం పోసే వేడుక ఉందని ఆ గుంపంతా ఈరోజు ఈ బస్సే ఎక్కింది. మాట్లాడేటప్పుడు చేతిలో ఏమీ లేకపోయినా భూదవ్వ వేళ్ళు బీడీ చుడుతున్నట్టే ఆడుతుంటాయి.

"మొగడు 'ఇంట్లకు రా మేదినీ' అన్నడు. అత్త గూడ రమ్మన్నది. గా పిల్ల ఏమన్నదో ఎరుకేనా? ఏమనలే. సక్కగ వంటింట్లకు వోయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది. గా హారం దీసి పప్పుల ఏసింది. 'నాలుగేండ్లు దీనికే గదా ఏడ్చిండ్రు, ఉడికినంక తినుండ్రి' అన్నది. చెయ్యి కడుక్కున్నది, రోడ్డు మీదికొచ్చింది, బస్సెక్కింది. ఆధార్ కార్డు జూపిచ్చి జీరో టికెట్ అడిగింది. కండక్టరమ్మ 'ఏడికి బిడ్డా' అనంగనే..."

"అవ్వా!"

వందన అరుపుకు వెనక సీట్లలో సినిమా కూడా ఆగిపోయింది.

"దండం వెట్టి జెప్పిన గదా అవ్వా! గింత పెద్దమనిషివి, గంత మాత్రం సమజ్ గాదా? నీ నోటికి మూత లేదా? ఇంకొక్క మాట మాట్లాడితే బస్సాపి దించేస్త!"

భూదవ్వ వేళ్ళు ఆగిపోయాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ గుంపులోదే, భూదవ్వ పక్కనున్న అనిల, "అక్కా, అసలు ముచ్చటేందంటే..." అనబోయింది. "నువ్వు గూడ మాట్లాడకు" అని వందన ఆమెనూ నోరెత్తనివ్వలేదు. తన ఒట్టు నీళ్ళపాలైతే వీళ్ళకు నవ్వులాటగా ఉందని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు భూదవ్వ ఎప్పటిలా పోయొస్త బిడ్డా అనలేదు. తల తిప్పుకుని దిగిపోయింది.

పదకొండుకు చేరిన బస్సు మళ్ళీ ఒకటిన్నరకు కదులుతుంది. వందన హాస్టల్‌కు నడిచింది, నడుస్తూ దారి పొడుగునా భూదవ్వను తిట్టుకుంది. పిల్లకు ఏమని చెప్పాలి? చెప్పకూడదనుకుంది. ఏమీ తెలియనట్టే కూర్చుని, పప్పులో హారం పడగానే గుండె మీద చెయ్యి వేసుకుంటే సరిపోతుంది.

సుష్మిత వరండాలో ఎదురుచూస్తోంది. తల్లిని చూడగానే గర్వంగా చెప్పింది. "రాత్రి సీరియల్ అయ్యేదాంక నల్లకాడ బట్టలుతుక్కుంట కూసున్నమ్మా. ఉన్నయి మూడు జతలే, రెండేసిసార్లు ఉతికిన. పొద్దుగాల టిఫిన్ గూడ తినలే, ఎవలన్న జెప్తరేమోనని."

వందన ఆమె పక్కనే కూర్చుంది. టిఫిన్ డబ్బా తీసి పిల్ల చేతిలో పెట్టి, నెట్ పెట్టి సీరియల్ తెరిచింది. ముందు ఒక ప్రకటన, తర్వాత ఇంకో ప్రకటన, ఆ తర్వాత తెర మీద తిరుగుతూనే ఉండే చక్రం. ఎట్టకేలకు మేదిని ముందు మొగుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తల్లి మణికట్టును సుష్మిత గట్టిగా పట్టుకుంది. ఎంతసేపటికీ ఆ చెయ్యి బిగుసుకోకపోయేసరికి తలెత్తి చూసింది. తల్లి ఫోన్ వైపు చూడటం లేదు. తన మొహమే చూస్తోంది.

"నీకు ఎరుకే" అంది సుష్మిత.

"లేదు బిడ్డా..."

"నీ మొఖం జూస్తె ఎరుకైతలేదా? ఎవలు జెప్పిండ్రు?"

"బస్ల... నేను అడగలే బిడ్డా, దూది గూడ వెట్టుకున్న..."

సుష్మిత చెయ్యి వదిలేసి లేచింది. "బట్టలు రెండుసార్లు ఉతికిన నేను. నువ్వు రెండు చెవులు మూసుకోలేకపోయినవ్. నాకోసం గిదొక్కటన్న జేస్తవనుకున్న." స్తంభం పక్కకు పోయి అటు తిరిగి నిలబడింది.

తండ్రి పోయిన రోజు కూడా ఆ పిల్ల ఇలాగే అటు తిరిగి నిలబడింది. ఏం చెప్పినా సాకులాగే వినిపిస్తుందని వందనకు తెలుసు. ఆమె చేతిలో ఫోన్ మాత్రం తన పాటికి తాను ఆడుతూనే ఉంది. వందన ఊరికే దాని వైపు చూసింది. మేదిని వంటింట్లోకి పోలేదు. వంగి అత్త కాళ్ళకు మొక్కింది. అత్త కళ్ళు తుడుచుకుని హారం కోడలి మెడలో వేసింది. అందరూ కలిసి ఫోటో దిగారు. శుభం అని పడింది.

"అరే! గిదేంది? పప్పుల ఏసుడు లేదా?"

సుష్మిత ఇటు తిరిగింది. "ఏం పప్పు?"

"హారం... మేదిని పప్పుల ఏస్తది, బస్సెక్కుతది. గట్లనే జెప్పింది గదా భూదవ్వ! అంత అబద్ధమే!"

సుష్మిత వచ్చి ఫోన్ లాక్కుని మొదటి నుంచీ చూసింది. చూసినకొద్దీ ముక్కు ఎర్రబడింది. "ఛీ! నాలుగేండ్లు ఏడ్పిచ్చి ఆఖరికి కాళ్ళు మొక్కుడా? గా హారం సూడంగనే ఇసిరి కొట్టాలె గదా!" తిట్టడం అయ్యాక, "నీకు జెప్పిందేందో జెప్పు" అంది. వందన భూదవ్వ చెప్పింది చెప్పినట్టు చెప్పింది. పప్పు దగ్గర సుష్మిత పగలబడి నవ్వింది. జీరో టికెట్ దగ్గర కడుపు పట్టుకుని తల్లి భుజం మీద వాలిపోయింది.

"అమ్మా, సీరియల్ల ఎవలన్న బస్సెక్కుతరా? గాడ గూడ నీకు అనుమానం రాలేదా?"

"కోపంల ఏం సమజైతది బిడ్డా."

"ఏడికి వోయిందట మరి?"

"ఎరుక లేదు. గక్కడికే అవ్వను కసురుకున్న."

"అడుగు. బుధవారం ఫోన్ల నాకు జెప్పాలె." డబ్బాలో చివరి ముద్ద తింటూ మళ్ళీ అంది. "మర్సిపోకు."

ఒకటిన్నరకు ఒడిబియ్యం గుంపు బస్సెక్కింది. భూదవ్వ ఎక్కలేదు. "నేను ఎన్కాల బస్సుకొస్త" అని బెంచీ మీద కూర్చుంది. వందన దిగి ఆమె సంచి చేతిలోకి తీసుకుంది.

"తప్పయిందవ్వా. హాస్టల్ల ఉన్న నా బిడ్డ అడగమన్నది. మేదిని ఏడికి టికెట్ తీసుకున్నది?"

భూదవ్వ సంచి వెనక్కి లాక్కుంది. అనిల కిటికీలోంచి తల బయటపెట్టి, "పొద్దుగాల గదే జెప్పబోయిన అక్కా. అవ్వ రాత్రి సూడనే లేదు. నెల రోజులాయె అవ్వోళ్ళ టీవీ ఖరాబయ్యి" అంది.

భూదవ్వ ముఖం పాలిపోయింది. "నీకెట్ల ఎరుకే?"

"అందరికెరుకే అవ్వా. మేము ఎవలింట్ల వాళ్ళం సూస్తనే ఉన్నం. రాత్రి గా కాళ్ళు మొక్కుడు సూసి టీవీ పగలగొట్టాలె అనిపిచ్చింది. పొద్దుగాల నువ్వేం జెప్తవో ఇందామనే నోరు మూసుకొని కూసున్నం."

భూదవ్వ కొంగు దులుపుకుని లేచింది. తర్వాత ఎవరూ పట్టుకోకుండానే బస్సెక్కి మూడో సీట్లో కూర్చుంది. ఆమె వేళ్ళు మెల్లగా ఆడటం మొదలుపెట్టాయి.

"ఏడికేంది? ఎల్లారెడ్డికే."

"ఎల్లారెడ్డిల ఆమెకేమున్నదవ్వా?" అంది అనిల.

"బిడ్డ ఉన్నది. హాస్టల్ల సదువుతున్నది."

"మేదినికి పిల్లలే లేరు గదా!"

"ఉన్నదంటున్న గదనే. టీవోళ్ళు సూపియ్యలే" అని భూదవ్వ వందన వైపు చూడకుండానే కసిరింది.

లింగయ్య హారన్ కొడుతూనే ఉన్నాడు. వందన టికెట్ మిషన్ ఒళ్ళో పెట్టుకుని భూదవ్వ పక్కన కూర్చుంది.

"మెల్లగ జెప్పు అవ్వా" అంది. "బుధవారం నేను మల్ల జెప్పాలె."