వాగులో పడేసిన దిష్టికుండ

మందు కొట్టే విమానం పత్తిచేలో కూలినప్పుడు ఊరు ఊరంతా దాని వైపు పరిగెత్తింది. చేను ఆసామి వెంకటప్పయ్య మాత్రం చేను నడిమికి పరిగెత్తాడు. అక్కడ పాతి ఉన్న నిలువు వెదురును పెరికి, కొసన కట్టిన నల్లకుండతో సహా వాగులో పడేసి, పంచె దులుపుకుని, అందరికంటే ఆఖరున వచ్చి "అయ్యయ్యో" అన్నాడు.

ఆ ఏడు చండ్రుగొండ పక్కన అడవి అంచు పొలాలన్నిటికీ పచ్చపురుగు పట్టింది. సర్కారు విమానం పంపింది. ముందురోజు పైలట్ రామ్‌చందర్ జీపులో వచ్చి గట్లన్నీ తిరిగి, "చేన్ల స్తంభాలు, తీగెలు ఏమన్న ఉన్నయా పటేలా? నేను చేను తలలు రాసుకుంట పోత" అన్నాడు. ఏమీ లేవన్నాడు వెంకటప్పయ్య. అప్పటికి నిజమే. తలలు రాసుకుంటూ పోవడమన్నది మాత్రం కుర్రవాడి గొప్పలే అనుకున్నాడు. విమానమన్నాక తాడిచెట్ల పైన కదా పోవాలి!

సాయంత్రానికి విమానం చూడాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని జనం దిగారు. విమానం రేపొద్దునగానీ రాదు. అందాకా వాళ్లకు చూడ్డానికి ఉన్నది వెంకటప్పయ్య పత్తే.

"ఏం చేనే అప్పయ్యా! అడవిల గిసొంటి పత్తి నేనెన్నడు జూడలె" అన్నాడు పక్క చేను లచ్చయ్య, కళ్లు పెద్దవి చేసి.

ఆ మాటకు వెంకటప్పయ్యకు దిష్టి భయం పట్టుకుంది. కృష్ణా అవతల ఉన్నదమ్ముకుని వచ్చి, పొదలు నరికి చేసుకున్న చేను. ఇంతమంది చూపు ఒక్కసారే పడితే ఇంకేమన్నా ఉందా? తెల్లారకముందే కుండకు మసి పూసి, సున్నంతో కళ్లూ మూతీ దిద్ది, ఎవరి చూపైనా ముందు దానిమీదే పడేటట్టు రెండు నిలువుల ఎత్తున కట్టాడు.

మంచులోంచి వచ్చిన విమానం ఆ కుండ ముందుకొచ్చి గభాలున పక్కకు ఒరిగింది. కిందిరెక్క నేలను తాకింది. కాలు విరిగి, మందు వాసన కొడుతున్న రామ్‌చందర్‌ను బయటికి లాగారు.

"మనిషి... చేన్ల మనిషి లేచిండు. తాకిందా?" అన్నాడు స్పృహ తప్పేముందు.

చేనంతా వెతికారు. ఏ మనిషీ లేడు. ఇక ఊరికి నవ్వుకోడానికి కావలసినంత దొరికింది.

"పొద్దుగాల్నే మందు పడ్డట్టున్నది ఆయనకు. లేకుంటే పత్తిచేన్ల తలకాయెట్ల మొలుస్తది?" అన్నాడు లచ్చయ్య టీకొట్టు దగ్గర. అందరూ నవ్వారు. వెంకటప్పయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాడు.

భార్య రాఘవమ్మ చారు పోస్తూ అంది: "ఎంక్వయిరీ ఆఫీసరు రేపు కొత్తగూడెం ఆసుపత్రికి వస్తాడట. తాగి నడిపాడని తేలితే ఆ అబ్బాయిని మళ్లీ విమానం ఎక్కనివ్వరట."

"మనమేం చేస్తాం?"

"మీరు ఎటు పరిగెత్తారో నేను చూశానండీ" అని, గిన్నె మూతపెట్టి లోపలికి పోయింది.

మర్నాడు సాక్ష్యం చెప్పడానికి ఊళ్లోవాళ్లు పదిమంది బస్సెక్కారు. ఆఫీసరు ఇంకా రాలేదు. వాళ్లు వరండాలో బీడీలు వెలిగించుకుంటుంటే వెంకటప్పయ్య వార్డులోకి వెళ్లాడు.

"రాండ్రి పటేలా, కూసోండ్రి" అన్నాడు రామ్‌చందర్. "నిజం చెప్పుండ్రి. ఎవలకన్న తాకిందా? నాతోని దాస్తున్నరా?"

"ఎవరికీ తగల్లేదు బాబూ."

"మరి నేను జూసిందేంది? నిన్నటి సంది ఒక్కొక్క కన్ను మూసుకొని గా గోడ మీది క్యాలెండర్ సదువుతున్న. తిథులు సుత కనబడ్తున్నయ్. కండ్లు మంచిగనే ఉన్నయ్. మరి దిమాకే ఖరాబయిందా ఏంది?"

వెంకటప్పయ్య స్టూలు మీద కూర్చోలేక నిలబడ్డాడు. "అది మనిషి కాదు బాబూ. దిష్టికుండ. నేనే కట్టాను. నువ్వు చూసెళ్లాక."

రామ్‌చందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "కుండనా! అంటే నేను జూసిన. నిజంగనే జూసిన." కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటూ ఉన్నవాడు చెయ్యి ఆపి అడిగాడు: "మరి ఎవలకు దొరకలేదేంది? ఎప్పుడు తీసినవ్?"

తిడతాడనుకుని వచ్చాడు వెంకటప్పయ్య. కొట్టినా పడదామనుకున్నాడు. ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు.

"నేనింక విమానంల ఉన్నప్పుడేనా?"

"అవును బాబూ."

రామ్‌చందర్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అంతలో ఆఫీసరు లోపలికొచ్చాడు. వెనకే ఊరివాళ్లు గుమ్మంలో గుమిగూడారు. ఆఫీసరు అడగకముందే వెంకటప్పయ్య చేతులు కట్టుకుని, నేలచూపులు చూస్తూ, గొణిగినట్టు అంతా చెప్పేశాడు. కుండ సంగతీ, వాగు సంగతీ.

"ఏందట? ఏమంటుండు?" అని గుమ్మంలోంచి లచ్చయ్య గొంతు వినిపించింది.

రామ్‌చందర్ గోడవైపు నుంచి తిరగకుండానే అన్నాడు: "ఇంకోపారి చెప్పుండ్రి పటేలా. గట్టిగ. అటు తిరిగి చెప్పుండ్రి."

వెంకటప్పయ్య తలెత్తి గుమ్మంవైపు తిరిగాడు.