చాయ్ వచ్చేలోపు లెక్క

వర్ష జగిత్యాలలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, బస్సులో నిలబడి సిరిసిల్ల చేరేసరికి నడుం పడిపోతుంది. అయినా లాప్‌టాప్ తెరుస్తుంది. తక్కువ ఖర్చుతో పని ఎలా పంచాలో లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటుంది. దేశదేశాల వాళ్లు కలిసి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోమని వదిలారు. దాన్ని వేగంగా నడిపించాలని ఆమె తంటా. జీతం లేదు, మెప్పూ అంతంతమాత్రమే.

ఆమెకు ఈ పిచ్చి పట్టుకున్నది జగదీశ్ నడిపే మరమగ్గాల కార్ఖానాలో. అక్కడ వర్ష తల్లి లసుమవ్వ నూలు కండెలు చుడుతుంది. చేతులు నెమ్మదించాయి, ఇక చాలించమంటే వినదు.

"ఇంట్ల కూసుంటె నేను మనిషినేనా?" అంటుంది.

కార్ఖానాలో ఆ రోజు ఎవరికి ఏ పనో పొద్దున్నే ఆ ప్రోగ్రామే చెప్పాలి. అది నిన్నటి ఏర్పాటుతో మొదలుపెట్టి, అంతకన్నా మంచిది వెతుక్కుంటూ పోతుంది. జగదీశ్‌కు అంత ఓపికెక్కడిది? చాయ్ రాగానే ఆపేస్తాడు. అప్పటికి దొరికిందే ఆ రోజు పని. దాదాపు నిన్నటిదే.

"నీ లెక్క తిరుగుతనే ఉంటది వర్షా. నా చాయ్ సల్లారుతది," అని దెప్పేవాడు.

చివరికి చిక్కు దొరికింది. ప్రోగ్రాం చేసిన లెక్కనే అడుగడుగునా మళ్లీ చేస్తోంది. గుర్తుపెట్టుకుని వాడుకునేలా వర్ష మార్చింది. ప్రోగ్రాం బాగోగులు చూసేవాళ్లు ఆ మార్పును అందులో కలుపుకున్నారు, జర్మనీ నుంచి ఎవరో మెచ్చుకుంటూ రాశారు. సంతోషమే, కానీ సంతోషపడే ఓపిక కూడా లేక పడుకుంది.

ఆదివారం తల్లితో కార్ఖానాకు వెళ్లింది. చాయ్ ఇంకా రాలేదు, జవాబు వచ్చేసింది. జగదీశ్ చదువుతూ ఆగిపోయాడు. కండెలకు ముగ్గురు చాలట. నాలుగో మనిషి లసుమవ్వ.

"తప్పు పడ్డదేమో సూడు," అన్నాడు.

వర్ష చూసింది. మళ్లీ చూసింది. తప్పు ఉంటే బాగుండునని ఎన్నడూ ఇంతగా కోరుకోలేదు.

"అవ్వను ఉంచాలె అని ప్రోగ్రాంల రాస్తనే అన్నా."

"గట్ల రాస్తె రేపు అందరు రాయుమంటరు," అన్నాడతను, నేలవైపు చూస్తూ.

"లెక్క సక్కగనే ఉన్నదా బిడ్డా?" అంది లసుమవ్వ.

"ఉన్నదే అవ్వా."

"మరి ఇన్నొద్దులు నాకెట్ల పనిచ్చింది?"

"పూర్తిగాకముందే అన్న ఆపేటోడు. గిప్పుడు నేను జల్ది చేసిన."

లసుమవ్వ తిట్టలేదు. చాయ్ వచ్చాక అందరితోపాటు తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది.

"రేపటిసంది నీ బస్సు టైముకు అన్నం నేనే వండి పెడత," అంది.