కోత తప్పా, కుట్టు తప్పా

పొట్ట మీద చల్లటి జెల్.

ఒళ్ళు జలదరించింది. తెర మీద బూడిదరంగు వాన. ఆ వానలో ఒక వెన్నెముక, ఒక మడమ, ఒక చెవి... ఇంకా ఏమేమున్నాయో చూద్దామనుకునేలోపే స్కాన్ డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

పక్క గదిలో కౌన్సిలర్ ఉన్నారు, అన్నీ వివరంగా చెబుతారు, మాట్లాడి రండి అంది. అంతే.

పక్క గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, కిటికీలో మబ్బు.

కౌన్సిలర్ నిదానంగా చెప్పింది. బిడ్డ పై పెదవిలో, ఎడమ పక్కన, చీలిక ఉన్నట్టు అనుమానం. ఇప్పటికి అనుమానమే.

కడుపుతో ఉన్నావిడ గుండె గుభేలుమంది. గుభేలుమంది నిజమే... కానీ దాని వెనకాలే ఇంకోటి కూడా లేచింది. ఎలా ఉంటుంది? ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయింది? ఏ బట్ట చేతికొచ్చినా తిరగేసి లోపలి కుట్టు చూడందే ఊరుకోని మనిషి. సొంత బిడ్డ పెదవి దగ్గర ఊరుకుంటుందా?

"చిరిగిందా మేడమ్?"

"చిరగలేదమ్మా. రెండో నెలలోనే ముఖం తయారవుతుంది. అటు నుంచి ఒక ముక్క, ఇటు నుంచి ఒక ముక్క వచ్చి కలుస్తాయి. ఒకచోట కలవలేదు."

చిరగలేదు. కలవలేదు.

రెండూ ఒకటేననుకునేవాళ్ళు జన్మలో సూది పట్టనివాళ్ళు. చిరిగినదానికి మాసిక వెయ్యాలి. కలవనిదానికి కుట్టు పడాలి.

వాళ్ళ కొట్లో బట్ట కోసేది భర్త, కుట్టేది ఆవిడ. వీధిలో అందరికీ కోతాయన, కుట్టావిడ. పదకొండేళ్ళుగా ఒకటే తగువు. ఎవరైనా చొక్కా బిగుతైందని తెచ్చి బల్ల మీద పడేశారా... కోత తప్పంటుంది ఆవిడ. ఆడలేక మద్దెల ఓడందట, కుట్టు తప్పంటాడు ఆయన. తప్పు నాదేనన్న పాపాన ఇద్దరిలో ఒక్కరూ పోలేదు.

ఇప్పుడు...

"కలవలేదంటే కుట్టు తప్పేగా" అంది కుట్టావిడ. "నా కడుపులోనే కదా కుట్టు పడాల్సింది. నాదే తప్పు."

అప్పటిదాకా పక్క కుర్చీలో నేల చూపులు చూస్తున్న కోతాయన చటుక్కున తలెత్తాడు.

"కాదు. కలవడానికి బట్ట చాలలేదేమో. బట్ట చాలకపోతే కోత తప్పు. నాది."

"మీది కాదు."

"నాదేనంటుంటే!"

కౌన్సిలర్ పెన్ను కింద పెట్టింది. తప్పు ఒకరి మీదకి ఒకరు తోసుకునేవాళ్ళు ఆ గదికి రోజూ వస్తారు. నాదంటే నాదని లాక్కునేవాళ్ళు రావడం ఇదే మొదలేమో.

"ఇది కొట్టు కాదండీ. ఎవరూ కొయ్యలేదు, ఎవరూ కుట్టలేదు. ఇద్దరిదీ తప్పు కాదు."

పదకొండేళ్ళలో ఎప్పుడూ రాని తీర్పు. కోతాయన భోరుమన్నాడు.

కుట్టావిడ ఏడవలేదు. అడిగింది. ఏ నెలలో కుడతారు? ఎన్ని పొరలు? దారం కరిగిపోతుందా? ముడి ఎటువైపు పడుతుంది? పుట్టిన మూడు నుంచి ఆరు నెలల మధ్య, మూడు పొరలు, కొన్ని దారాలు కరుగుతాయి... ముడి సంగతి మాత్రం సర్జన్నే అడగాలమ్మా, అని కౌన్సిలర్ నవ్వేసింది.

ఆవిడ నవ్వలేదు. అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"పాలు తాగుతుందా?"

పెదవి ఒక్కటే అయితే చాలామంది తాగేస్తారు. అంగిలి కూడా తెరుచుకుని ఉంటే చప్పరించడం కష్టం. దానికి వేరే సీసాలున్నాయి, నేర్పిస్తాం. అంగిలి ఎలా ఉందో మాత్రం పుట్టాకగానీ గట్టిగా చెప్పలేం, అంది కౌన్సిలర్.

పుట్టాకగానీ...

ఇంకా మూడు నెలలు. తెలియకుండా మూడు నెలలు.

"నాకింకోసారి చూపించండి" అంది కుట్టావిడ.

మళ్ళీ జెల్. మళ్ళీ వాన. కోతాయన వెంటే వచ్చాడు గానీ తెరకేసి చూడలేదు. గోడకి తిరిగి, చేతులెలా కడుక్కోవాలో చెప్పే పటాన్ని శ్రద్ధగా చదువుతున్నాడు. బిడ్డేమో ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కుట్టావిడని ఎడమవైపు తిరగమన్నారు. తిరిగింది. వరండాలో కాసేపు నడిచి రమ్మన్నారు. నడిచొచ్చింది.

బిడ్డ చెయ్యి దిగింది.

సన్నటి నల్లటి గీత. పెదవి నుంచి ముక్కు దాకా. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. అంచులు రెండూ నున్నగా ఉన్నాయి. నిజమే... చిరగలేదు.

అప్పుడు బిడ్డ నోరు తెరుచుకుంది. మూసుకుంది. గొంతు దగ్గర ఏదో కదిలింది.

"ఏంటది డాక్టర్?"

"ఉమ్మనీరు మింగుతోంది. కానీ దీన్నిబట్టి అంగిలి సంగతి చెప్పలేమమ్మా."

ఆ రెండో మాట ఆవిడ విన్నది. విని కూడా ఆగలేకపోయింది.

"ఏమండీ! ఇలా రండి, తాగుతోంది!"

కోతాయన రెండంగల్లో తెర ముందుకొచ్చాడు. అప్పటికే నోరు మూసుకుంది. ఆ గీతనే చూశాడు, మొదటిసారి. చూసి తల తిప్పుకోలేదు.

"ఏదీ? మళ్ళీ ఎప్పుడు తాగుతుంది?"

ఎవరికి తెలుసు?

చూస్తున్నారు. కుట్టావిడ ఒకసారి భర్త వైపు తిరిగింది. ఆయనకి తెలియకుండానే ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది... పిల్లకి ముద్ద పెడుతూ పెద్దవాళ్ళు తెరుస్తారే, అలా.