పాపను లేపే ఫ్యాన్

పాప వెనక సీటులో ఉండగా కారు నడిరోడ్డు మీద ఆగిపోతుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. ఆ రోజు అదే జరిగింది. సిగ్నల్ దగ్గర వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఎవరో నలుగురు తోసి, పక్కనే ఉన్న షెడ్డుకు చేర్చారు.

మెకానిక్ బాబాయ్ ఇంజను చల్లారేదాకా ఆగి, రేడియేటర్‌లో నీళ్లు చూశాడు. నిండుగానే ఉన్నాయి.

"నడుస్తున్నప్పుడు కూడా వేడెక్కుతోందా అమ్మా?"

"లేదు బాబాయ్, ఆగినప్పుడే."

"మరి ఆగినప్పుడు రేడియేటర్‌ను చల్లార్చే ఫ్యాన్ చప్పుడు వస్తోందా?"

అప్పుడు తట్టింది నాకు. ఆ చప్పుడుకే పాప ప్రతి సిగ్నల్ దగ్గరా లేచి ఏడ్చేది. వారం నుంచి హాయిగా నిద్రపోతోంది. నా జోలపాట మహిమే అనుకుని మురిసిపోయాను.

"వారం నుంచి రావట్లేదు బాబాయ్. పాప లేవట్లేదు."

"అందరూ మీటరు పెట్టి చూస్తారు, నువ్వు పిల్లను పెట్టి చూశావన్నమాట" అని నవ్వుతూ, కాలిపోయిన ఫ్యూజు తీసి కొత్తది వేశాడు.

ఇంజను వేడెక్కగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. పాప కెవ్వుమంది. అంత తియ్యటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

మీ ఇంట్లోనూ పిల్లలు మరీ బుద్ధిగా నిద్రపోతుంటే, ఏం పాడైందో ఒక్కసారి లేచి వెళ్లి చూసి రండి.