ఒక్క కొరమీను

నీళ్ళమీద గుటక చప్పుడు వినపడేటప్పటికి గట్టు బాబాయి తూము వైపు నడుస్తున్నాడు. చేతిలో నాచు లాగే కొంకికర్ర, పెదాల మధ్య వెలిగించని బీడీ. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచీ వెలిగించడం మానేశాడు; పెదాలకి మాత్రం ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

ఆగాడు. కప్ప దూకితే అలా ఉండదు. పిట్ట ముక్కు ముంచితే అసలు చప్పుడే ఉండదు. ఇది, తొందరలో ఉన్న మనిషి వేడి టీ ఊదకుండా ఒక్కసారి లాగినట్టుంది. తూము ముందు నీళ్ళమీద ఒక వలయం పుట్టి, మెల్లగా పెద్దదై, గట్టుకి తగిలి చెదిరిపోయింది.

కొరమీను. గాలి పీల్చుకోవడానికి పైకొచ్చి వెళ్ళింది.

ఆ చెరువులో ఇవాళ చేప అన్నది ఉండకూడదు. నీళ్ళన్నీ తోడించి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్ళీ కాలవ నీళ్ళు పెట్టిన చెరువది. ఎండ ముదిరే లోపు లారీలో చేపపిల్ల వస్తుంది. చిటికెనవేలి గోరంత పిల్ల. దాన్ని హరించడానికి ఒక్క కొరమీను చాలు. పైకి ఏమీ తెలియదు. మేత వేస్తూనే ఉంటారు, నెలలు గడుస్తూనే ఉంటాయి, వల లాగిన రోజున వలలోకి నాచు వస్తుంది.

పోయినేడు అదే జరిగింది. మోచేతంత లావున కొరమీను ఒకటి, దాని చుట్టూ గుప్పెడు చేపలు. చెరువు యజమానురాలు టీచరమ్మ బళ్ళో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన మనిషి, మామూలుగా ఆవిడ గొంతు పక్క వీధికి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం వలలోకి చూసి, ఒక్క మాటా అనకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే బావుండేదని అతను చాలా రోజులు అనుకున్నాడు.

తూము దగ్గర వంగి, గొట్టం మూతికి కట్టిన వలసంచిని పైకి లాగాడు. బయటి చేపలేవీ లోపలికి రాకుండా అడ్డుపడేది ఆ సంచే. దాని పక్క కుట్టు జానెడు మేర విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. కుట్టు చివర తెల్లదారం ముక్క వేలాడుతోంది.

ఆ దారం భార్య కుట్టుమిషను డబ్బాలోది. నీళ్ళు పెట్టే రోజు ఉదయం నైలాను దారం అయిపోయింది. దుకాణం దాకా ఎవరు పోతారని, డబ్బాలో చెయ్యి పెట్టాడు. "అది చొక్కాల దారమయ్యా, కాలవకి ఆగదు" అందావిడ. "రెండ్రోజుల భాగ్యానికి ఏం కాదులే" అన్నాడు. తర్వాత తూము పలక ఎత్తాడు, నీళ్ళు నిండాక దించేశాడు, సంచి ఎత్తి చూడలేదు.

టీచరమ్మకి చెప్పొచ్చు. కానీ చెబితే ఏం చేస్తుంది? పిల్ల అప్పటికే దారిలో ఉంది. పిల్లని తెచ్చే ప్లాస్టిక్ సంచుల్లో నింపిన గాలి వచ్చేదాకానే చాలుతుంది, వెనక్కి పోయేదాకా చాలదు. లారీ వచ్చేలోపు దాన్ని పట్టాలి. పట్టాలంటే విసురు వల కావాలి. వల ఇంట్లో అటక మీద ఉంది. అది దానంతటది ఎక్కలేదు అటక. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే భార్య దాన్ని గోనెసంచిలో మూటగట్టి పైకెక్కించింది.

*

ఆవిడ కిటికీ పక్కన మిషను మీద కూర్చుని బడిపిల్లల నిక్కర్లు కుడుతోంది. అతను స్టూలు వేసుకుంటుంటే మిషను ఆగింది.

"ఏంటది?"

"వల."

"వలని కనపడుతోంది. ఎందుకూ?"

"ఎండబెడదామని. బూజు పట్టేస్తోంది."

"ఇన్నాళ్ళూ పట్టని బూజు, పిల్ల దిగే రోజునే పట్టిందా?"

అతను మూట కిందికి దించాడు. వల అంచుకి కట్టిన గుండ్లు నేలకి తగిలి గలగలమన్నాయి. దించడానికే ఊపిరి సరిపోలేదు. అది కనిపించకుండా మూట ముడి విప్పుతున్నట్టు వంగి కూర్చున్నాడు.

"బిందె కూడా ఎత్తొద్దన్నాడా లేదా డాక్టరు? తడిసిన వల ఎన్ని బిందెలుంటుంది?"

"ఎండబెట్టే వల తడుస్తుందా, నీ పిచ్చిగానీ."

"విసరనని చెప్పు."

"ఖాళీ చెరువులో విసరడానికేముందే?"

"నేనడిగింది అది కాదు."

"విసరను."

"నన్ను చూసి చెప్పు."

"విసరనన్నానుగా!" అన్నాడతను మిషను వైపు చూస్తూ.

ఆవిడ లేచి టిఫిన్ డబ్బా తెచ్చి అతని చేతికి తగిలించింది. "మధ్యాన్నం తినకుండా తెచ్చావంటే రేపట్నుంచి నీ గట్టునే వండిపెట్టమను. ఒంట్లో కాస్త అటూ ఇటూగా అనిపిస్తే కూర్చో. నిలబడి గొప్పలు పోకు."

గుమ్మం దాటాక మిషను చప్పుడు కోసం చెవి పెట్టాడు. అది చాలాసేపటికి గానీ మొదలవలేదు.

అతన్ని గట్టు బాబాయి అని పేరు పెట్టింది కూడా ఆవిడే. కొత్తలో ఎవరైనా ఇంటికొచ్చి ఆయనేరీ అంటే "గట్టు మీద" అనేది, పొద్దునైనా సాయంత్రమైనా. అతని కంటే పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. యవ్వనం నుంచీ ఎవరెవరివో చెరువులు. పిల్లని దించడం, మేత వేయడం, నాచు లాగడం, పెరిగాక పట్టి ఇంకొకరికి అప్పజెప్పడం. ఇన్నేళ్ళలో ఈత నేర్చుకోలేదు. మొలలోతు నీళ్ళకి ఈతెందుకు? ఒకసారి మంచి పట్టుబడి పడ్డప్పుడు పేపరువాళ్ళొచ్చి ఫొటో తీశారు. అందులో అప్పటి యజమాని ఉన్నాడు, చేపలున్నాయి, ఎడమ పక్కన బాబాయి మోచెయ్యి ఉంది. భార్య ఆ ముక్క కత్తిరించి అద్దం మూల దోపింది. వచ్చినవాళ్ళకి చూపించి, "మా ఆయన మోచెయ్యి. మంచి రంగు, కదా?" అంటుంది.

*

చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, నీళ్ళలోకి దిగాడు. చల్లగా ఉంది. వల ఒక అంచు భుజాన వేసుకుని, ఒకటి పళ్ళ మధ్య పట్టి, మిగిలింది రెండు చేతుల్లో మడతలుగా సర్దుకున్నాడు. ఇక కదలకూడదు. కొరమీను ఎంత దాక్కున్నా గాలికి పైకి రాక తప్పదు. వచ్చిన చోటే వల పడాలి.

తూముకి కాస్త అవతల నీళ్ళు ఉబ్బాయి. గుటక.

విసిరాడు. వల గాల్లో సరిగ్గా విచ్చుకోలేదు, ఒకవైపు ముడుచుకునే పడింది. వంగి అంచు వెంట బురద తడిమాడు. ఏమీ లేదు. వల లాగుతుంటే ఎడమ చెయ్యి తనది కానట్టు బరువెక్కింది. కాసేపు అలాగే నిలబడ్డాడు.

చెవులు చిల్లులు పడేలా ఈల మోగింది.

టీచరమ్మ! నెత్తిన టోపీ, మెడలో ఈల. నీటికాకుల్ని తోలడానికి బళ్ళోని ఈలే వాడుతుందావిడ. కాకుల సంగతేమో గానీ, తూము దగ్గర నీళ్ళు ఒక్కసారి అదిరి, ఆ కదలిక చెరువు మధ్యకి గీతలా వెళ్ళిపోవడం బాబాయి చూశాడు.

"ఊదకండి టీచరమ్మా!"

"ఏం?"

"అదే... చెవులు."

"నా ఈలకి బెదరని చెవులు ఈ ఊళ్ళో నీ ఒక్కడివే అనుకున్నానే! వలేంటి బాబాయ్, పిల్ల దిగకముందే?"

"అడుగున చెత్త ఉంది. తీస్తున్నా."

చెప్పేద్దామనుకున్నాడు. అప్పుడే మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్న వల అంచు అడ్డొచ్చింది. దాన్ని తీసి చేత్తో పట్టుకున్నాడు కూడా. ఆవిడ గట్టు మీద గొంతుక్కూర్చుని, నీళ్ళవైపు చూస్తూ, ఎన్నడూ లేనంత మెల్లగా మాట్లాడింది.

"నీ మీద నాకేం లేదు బాబాయ్. కానీ ఈసారీ పిల్ల దక్కకపోతే నా వల్ల కాదు. మట్టి తోలించి పూడ్చేస్తా. ఇంట్లో చెప్పేశాను కూడా."

"దక్కుతుంది" అన్నాడతను.

"అంత గట్టిగా ఎలా చెబుతావ్?"

అతను వల అంచు మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆవిడ లేచి, మలుపు దగ్గర లారీకి దారి చూపించాలంటూ వెళ్ళింది. పిల్ల వదిలాక చెబుదాం అనుకున్నాడు. కొరమీనుని చేత్తో పట్టుకుని చూపిస్తూ చెబుదాం. అప్పుడు తిట్టినా బావుంటుంది.

మళ్ళీ వల సర్దుకున్నాడు. చెరువు మధ్య నీళ్ళు కాస్త లోతు, ఛాతీ దాకా వచ్చాయి. నిలబడ్డాడు. ఎండ వీపు మీదికి ఎక్కింది. దూరంగా బరువు బండి ఏదో గేరు మారుస్తున్న మోత. ఇంకా పైకి రాదేం? తను ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది. వదిలాడు. అదే క్షణాన, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, నల్లటి తల నీళ్ళు చీల్చుకుని గుటక వేసింది.

ఈసారి వల చేటలా విచ్చుకుంది. గుండ్లన్నీ ఒక్కసారే నీళ్ళని కొట్టాయి. పరుగులాంటి నడకతో వెళ్ళి వల మీద పడ్డాడు. చేప బురదలోకి దూరబోతోంది. వలతో సహా రెండు చేతుల మధ్య అదిమి, మొప్పల వెనక పట్టు దొరికేదాకా తల కూడా ముంచేశాడు. ముక్కులోకి నీళ్ళు పోయాయి. వదల్లేదు.

గట్టెక్కి, సున్నం కలిపే నీలం బకెట్ కడిగి, నీళ్ళు పోసి, చేపని అందులో వేశాడు. ముంజేతంత పొడుగుంది. మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టాడు. అయినా పని అవలేదు. జంటగా వచ్చిందేమో! చొక్కా వేసుకుని, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. ఛాతీ మీద ఎవరో తీరిగ్గా మోకాలు ఆనించినట్టుంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. లారీ హారన్ మోగింది. నీళ్ళు అద్దంలాగే ఉన్నాయి.

ఒక్కటే.

*

"సంచులు కోసి పోసేద్దామా పెద్దాయనా? నేను ఇంకో రెండు చోట్లకి పోవాలి" అన్నాడు లారీ డ్రైవరు.

"నిన్ను వేడినీళ్ళ బకెట్లోంచి తీసి చన్నీళ్ళలో వేస్తే ఎగిరి గంతేస్తావు. కాసేపాగు."

"నేనైతే కేకేస్తాను. అవి వెయ్యవుగా!"

"అందుకే నన్ను పెట్టారు" అన్నాడు బాబాయి.

టీచరమ్మ పకపకా నవ్వింది. ముగ్గురూ కలిసి సంచుల్ని చెరువు మీద తేలేశారు. గాలి నిండిన సంచులు ఎండలో మెరుస్తూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక చల్లదనానికి వచ్చాక, బాబాయి గట్టు అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, ఒక్కో సంచి మూతి విప్పి, చెరువు నీళ్ళు కాస్త లోపలికి రానిచ్చి, పక్కకి ఒరగబెట్టాడు. పిల్ల తోసుకోలేదు. ముందొకటి, వెనక నాలుగు, ఆ తర్వాత మబ్బులాగా కదిలి నీళ్ళలో కలిసిపోయింది.

డ్రైవరు ఖాళీ సంచులు మడిచాడు. టీచరమ్మ అవతలి గట్టు మీంచి చూస్తోంది. చివరి సంచి మూతి బాబాయి గుప్పిట్లోనే ఉంది. పిల్ల అంతా వెళ్ళిపోయాక కూడా అతను వంగి నీళ్ళలోకే చూస్తున్నాడు.

"ఎలా ఉన్నాయి బాబాయ్?" అని కేకేసిందావిడ. "ఒక్కటీ చావలేదు కదా?"

మళ్ళీ అడిగింది. ఆ తర్వాత ఈల ఊదింది, ఒక్కసారి, గట్టిగా. నీటికాకులు లేచాయి.

*

భార్య వచ్చేటప్పటికి అతన్ని నీడలో పడుకోబెట్టి ఉన్నారు. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. ఏడవలేదు ముందు. అతని పాదాలకి ఆరిన బురదని గోటితో గీకి తీసింది. తర్వాత గట్టు మీద కుప్పగా పడున్న వల దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసింది. చేతి నిండా నీళ్ళు.

"ఎండబెడతానని పట్టుకొచ్చాడండీ" అంది.

"నాతో చెత్త తీస్తున్నానన్నాడు" అంది టీచరమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏ చెత్తో అడగడానికి మనిషి లేడు. డ్రైవరు లారీ వెనక తలుపు దించి, తడి సంచులన్నీ ఒక పక్కకి తోసి, చోటు చేశాడు. భార్య టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకుంది. బరువుగానే ఉంది. అతన్ని ఎక్కించుకుని లారీ మలుపు తిరుగుతుంటే, లోపల టీచరమ్మ ఒక చేత్తో ఆవిణ్ణి పట్టుకునే కూర్చుంది.

గట్టు మీద నీలం బకెట్ ఉండిపోయింది. లోపల ఒకసారి గుటక చప్పుడైంది. మూత కొద్దిగా లేచి, ఇటుక బరువుకి మళ్ళీ సర్దుకుంది.