పిండిముద్ద మీద నెలవంక

“హెడ్ ఏదక్కా?”

తమ్ముడి కేకకు అక్క చేతిలోని స్పానర్ జారిపడింది. భోంచేసి కునుకు తీయడానికి వెళ్లేముందు షెడ్డు బల్ల మీద ఉన్న సిలిండర్ హెడ్, ఇంజన్‌కు మూతలా బిగించేది, ఇప్పుడు లేదు. కప్పిన గుడ్డ మాత్రం ఉంది.

తెల్లారితే కొండదారి పందెం. నాన్న మిగిల్చిపోయిన చిన్న పాతకారును తమ్ముడు నడపాలి. ఆ హెడ్ కోసం ఇద్దరూ ఒళ్లు హూనం చేసుకున్నారు. అరిగిన వాల్వు సీట్లు మార్చారు. పెద్ద వాల్వులు వేశారు. బలం పెరగాలని అడుగుభాగాన్ని పలచగా చెక్కించారు.

“ఇంకెవడు? ఎదురు షెడ్డు మీసాలాయనే! నిన్న దాని చుట్టూ ఈగలా తిరిగాడు.” తమ్ముడు వీధిలోకి దూకాడు.

మీసాలాయన గొంతు వీధంతా మోగింది. “నేను దొంగనా? మీ హెడ్ బిగిస్తే నా బండి సిగ్గుతో చస్తుందిరా!”

అక్క కదల్లేదు. ఆమె కళ్లు హెడ్ కూర్చునే ఇంజన్ బ్లాక్ మీద ఉన్నాయి. పొద్దున అద్దంలా తుడిచిన అంచున తెల్లగా ఏదో అంటుకుంది. గోటితో గీకింది. గోధుమపిండి ముద్ద! దాని మీద నెలవంక లాంటి అచ్చు. అచ్చు పడినచోట పిండి తెగి, ఇనుము బయటపడింది.

ఆమెకు అర్థమైంది. ఎవరో బ్లాక్ మీద పిండి పెట్టి, హెడ్ బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి చూశారు. తెరుచుకున్న పెద్ద వాల్వు బ్లాక్ అంచుకు కొట్టుకుంటోంది. దానికి చోటిస్తూ బ్లాక్‌ను కాస్త చెక్కాలి. ఆ సంగతే ఇద్దరూ మరిచారు. కొండమలుపులో వాల్వు విరిగి ఇంజన్ బిగుసుకుపోతే తమ్ముడు లోయలోనే.

వంటింట్లోకి పరుగెత్తింది. పిండిడబ్బా వెనక, దుప్పటి కప్పుకుని హెడ్. పక్కనే అమ్మ. నాన్న ఉన్నన్నాళ్లూ షెడ్డులో వాల్వులు అరగదీసింది ఆవిడే.

“ఒక్కమాట చెప్పొచ్చుగా అమ్మా!”

“పొద్దున చెప్పబోతే ‘నీకేం తెలుసు, వంట చూసుకో’ అన్నాడు నీ తమ్ముడు. వంటపిండితోనే చూశా. మీరు బిగించేయకుండా ఇక్కడ దాచా.” అమ్మ మూతి తిప్పింది. “ఊరికే నిలబడకు. గ్రైండర్ తే. పొద్దుగూకేలోపు చెక్కేద్దాం.”

అక్క ఆ పిండిచేతులను పట్టుకుని కళ్లకద్దుకుంది.

బయట మీసాలాయన ఇంకా చిందులేస్తున్నాడు. “దొంగెవరో తేల్చందే కదలను!”

అక్క గుమ్మంలోకి వచ్చింది. పిండిముద్దను తమ్ముడి అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నెలవంక అచ్చు మీద వేలు ఆపాడు.

“అక్కా, ఇది...”

“ముందు ఆయనకు క్షమాపణ చెప్పు. బాబాయ్, దొంగ దొరికింది. రేపు వీడు ప్రాణాలతో ఇల్లు చేరితే ఆ దొంగ చలవే.”

“ఎవరమ్మా?”

వీధంతా వినేలా చెప్పింది అక్క.

“మా అమ్మ!”